‘వెళ్ళొద్దాం’ అని చెప్పి బయల్దేరండి: దత్తత పిల్లలున్న పెద్ద కుటుంబంతో గోదావరి డెల్టాలో షికార్లు

మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. ఇంట్లో తొమ్మిది మందిమి: నేను, మావారు, ఏడుగురు పిల్లలు. ఇద్దరు నా కడుపున పుట్టినవాళ్ళు. ముగ్గురు ఒకే తల్లి బిడ్డలు, విడదీయకుండా కలిపి దత్తత తీసుకున్నాం. చివర వచ్చిన ఇద్దరూ ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. వాళ్ళలో ఒకడికి చెవి మిషన్ లేకపోతే ఏమీ వినపడదు. మా చర్చి సంఘంలో ఈ మధ్య ఇంకో జంట దత్తతకు పేరు నమోదు చేసుకున్నారు. మొన్న ఆరాధన అయ్యాక ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని, "అక్కా, ఇంతమందిని వెంటబెట్టుకుని బయటికి ఎలా వెళ్తారు? నాకైతే తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది" అంది. ఆ అమ్మాయికి చెప్పినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పిల్లల సంగతులు రాసే ముందు వాళ్ళనే అడిగాను. వద్దన్నవి రాయలేదు.

1. తిరిగి రావడంతో మొదలుపెట్టండి

ఎక్కడికి వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి అనేవి తర్వాత. ఎప్పుడు తిరిగొస్తామో పిల్లలకు ముందు తెలియాలి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

ఆ ముగ్గురూ మా ఇంటికొచ్చిన రెండో నెలలో, సముద్రం చూపిద్దామని నరసాపురం రేవుకు తీసుకెళ్ళాం. వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. నదిని దాటించే పంటు వచ్చి ఒడ్డున ఆగింది. బైకులు, ఆటోలు, జనం ఎక్కుతున్నారు. ముగ్గురిలో నడిపివాడికి అప్పుడు ఐదేళ్ళు. రేవులో ఉన్న ఇనుప స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుని కదల్లేదు. ఏడవలేదు, మాట్లాడలేదు. నీళ్ళంటే భయమేమో అనుకున్నాం. "ఏం కాదు నాన్నా, ఎంత పెద్ద పంటో చూడు" అని మావారు నచ్చజెప్పినా వాడు వేళ్ళు వదల్లేదు. పంటు వెళ్ళిపోయింది. రేవులోనే కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని ఇంటికొచ్చేశాం.

చాలా నెలల తర్వాత, ఒక రాత్రి కరెంటు పోయి అందరం అరుగు మీద కూర్చున్నప్పుడు వాడే చెప్పాడు. ఒకసారి వాడి బట్టలన్నీ ఒక సంచిలో సర్ది, "ఊరెళ్దాం రా" అని జీపెక్కించారట. వెళ్ళిన చోటు నుంచి మళ్ళీ తిరిగి రాలేదు. రేవుకు బయల్దేరిన రోజు నేనూ ఒక్కొక్కరికి ఒక్కో సంచిలో మార్చుకునే బట్టలు సర్ది భుజాన తగిలించాను. "ఊరెళ్దాం రండి" అనే పిలిచాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరమూ "వెళ్దాం" అనం. "వెళ్ళొద్దాం" అంటాం. వాకిలి దాటేటప్పుడు "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలని మా మామ్మ చిన్నప్పుడు పదే పదే దిద్దేది. ఆ దిద్దుబాటు విలువ నాకు ఆ రాత్రి తెలిసింది.

మాటతో పాటు మరికొన్ని మార్చుకున్నాం. ఒక్క రోజు ప్రయాణానికి పిల్లల బట్టలు విడివిడి సంచుల్లో సర్దం. మావీ వాళ్ళవీ అన్నీ కలిపి ఒకే పెద్ద సంచిలో వేస్తాం, అది మావారు మోస్తారు. ముందు రోజు సాయంత్రం ఒక కాగితం మీద రోజంతా బొమ్మలుగా గీసి ఫ్రిజ్ మీద అంటిస్తాం: వ్యాను, పంటు, సముద్రం, అన్నం, పంటు, వ్యాను, మన ఇల్లు, మంచం. చివరి రెండు బొమ్మలూ ఎప్పుడూ ఉంటాయి. పొద్దున్నే మినప్పప్పు నానబెట్టి వెళ్తాం, రాత్రికి దిబ్బరొట్టె కోసం. గిన్నెలో నీళ్ళు పోసే పని, ఆ రోజు ఎవరి ముఖంలో బెరుకు కనిపిస్తే వాళ్ళది. పప్పు నానబెట్టిన ఇంటికి సాయంత్రానికి ఎవరో ఒకరు తిరిగి రావాల్సిందే కదా. పిల్లలకు మాట కన్నా ఆ గిన్నె బాగా నమ్మకమిస్తుంది.

ఇంటికి తాళం వేశాక తాళంచెవి నడిపివాడి చేతికిస్తాం. దానికి ఒక ఎర్ర తాడు కట్టి ఉంటుంది, మెడలో వేసుకుని చొక్కా లోపల దాచుకుంటాడు. మా ప్రయాణాలన్నిటికీ గట్టి పునాది అదే.

బయల్దేరే ముందు అరుగు మీద నిలబడి 121వ కీర్తన చదువుకుంటాం. మన రాకపోకల్ని దేవుడు కాపాడతాడన్న మాట అందులో ఉంది. పెద్ద ప్రార్థన చేయం, పిల్లలు ఎండలో నిలబడలేరు. ప్రార్థించాలనిపించని పిల్లను బలవంతపెట్టం. పక్కన నిలబడితే చాలు.

2. దగ్గర చోటుతో మొదలుపెట్టి మెల్లగా దూరం పెంచండి

కొత్తగా వచ్చిన పిల్లతో మొదటి షికారు ఇల్లు కనిపించేంత దూరంలోనే ఉండాలి. మాకు కాలవ గట్టు ఉంది. సాయంత్రం ఐదింటికి బయల్దేరి, కొబ్బరి చెట్ల నీడన లాకుల దాకా నడిచి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి. అంతే. ఒక నెల రోజులు ఇదే చేయండి. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు, అడుగున బురదలో చేపలు పట్టేవాళ్ళ సందడి ఉంటుంది. జూన్‌లో నీళ్ళు వదిలిన రోజు ఊరంతా గట్టు మీదికొస్తుంది. ఎండిన కాలవలోకి నీటి అంచు మెల్లగా పాకుతూ వచ్చే ఆ దృశ్యం చూసి మా చిన్నది దానితో పాటు అర కిలోమీటరు పరుగెత్తింది.

రెండో అంచె పూట ప్రయాణం. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేది. మాకు నరసాపురం పదిపన్నెండు కిలోమీటర్లు. అక్కడ లేసు అల్లే ఇళ్ళకు పిల్లల్ని తీసుకెళ్ళాను. నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పిన పని అది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఈ ప్రాంతంలో మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. మా సంఘం మూలాలూ అక్కడివే. మావారు ఆ కథ చెబుతుంటే పెద్దవాళ్ళు విన్నారు. వినపడని మావాడు మాత్రం అరుగు మీద కూర్చున్న ఒక మామ్మగారి కొక్కెం సూదిని కన్నార్పకుండా చూశాడు. ఆవిడ ఏమీ అడక్కుండా వాడి చేతిలో దారం పెట్టింది. మాటలతో పని లేని చోట వాడు ఎంత హాయిగా ఉంటాడో ఆ రోజు చూశాను. మీ పిల్లల్లో ఇలాంటి వాళ్ళుంటే, చేతి పనులు జరిగే చోట్లకు తీసుకెళ్ళండి.

మూడో అంచె రోజంతా పట్టే ప్రయాణం. మేం వెళ్ళినవాటిలో పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇవి.

ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేసిన ఆనకట్టే మన డెల్టాకు అన్నం పెట్టింది. దాని స్థానంలో ఇప్పుడు కొత్త బ్యారేజీ ఉంది. అక్కడి మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, ఆవరణలో పాత యంత్రాలు ఉన్నాయి. లోపల గంటకు మించి ఉంచకండి, చిన్నవాళ్ళు విసుగుపడతారు. మా ఊరి కాలవలో నీళ్ళు ఇక్కణ్ణుంచే వస్తాయని చెబితే మాత్రం వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. రోజూ నడిచే గట్టు పక్క నీళ్ళ మొదలు వాళ్ళకు ఇక్కడ కనిపిస్తుంది.

కోరంగి మడ అడవి. కాకినాడ దగ్గర, అడవి మధ్య నుంచి చెక్క వంతెన బాట ఉంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేళ్ళు, బురద మీద గెంతే చేపలు, ఎర్ర పీతలు పిల్లలకు బాగా దగ్గరగా కనిపిస్తాయి. ఆటు మీద ఉన్నప్పుడు వెళ్తే వేళ్ళు బయటపడి ఉంటాయి. పోటు మీద నీళ్ళు ఎక్కి అన్నీ కప్పేస్తాయి. కంచె పట్టుకుని నడవాల్సిన బాట కాబట్టి పరుగెత్తే పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. దోమల మందు మర్చిపోవద్దు.

శీతాకాలంలో కొల్లేరు అంచున ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు). కుదురుగా కూర్చోలేని పిల్లలు కూడా అక్కడ గంటసేపు కదలకుండా చూస్తారు.

కాలం సంగతి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మన డెల్టాలో తిరగడానికి బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం అన్న వార్త వింటే సముద్రం వైపు ప్రయాణం మానేస్తాం. 1996 నవంబరు 6 తుఫాను చూసిన తరం మాది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మా ఇంటి లెక్క ఒక్కటే: మొదటి హెచ్చరిక వచ్చిందంటే నది మధ్య లంకలకు, రేవులకు వెళ్ళం.

ఆదివారం కాకుండా రెండో శనివారం వెళ్ళమని నా సలహా. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, మధ్యాహ్నానికి బీచ్‌లు జనంతో నిండిపోతాయి, తాగి నీళ్ళలో దిగేవాళ్ళు ఎక్కువ.

3. నీళ్ళ విషయంలో ఎవరి మాటా వినకండి

డెల్టాలో ఎటు వెళ్ళినా నీళ్ళే. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడి పిల్లలున్న పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరులో ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ రెండు వార్తలూ మా ఇంట్లో పెద్దపిల్లలకు చెప్పాం, భయపెట్టడానికి కాదు, నియమం ఎందుకు పెట్టామో తెలియడానికి.

నియమం ఇది: లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కం. ఒకసారి ఒక రేవులో పడవతను "అయిదు నిమిషాలేగా అమ్మగారూ, జాకెట్లెందుకు? నేను ముప్పై ఏళ్ళుగా దాటిస్తున్నాను" అన్నాడు. పిల్లలు అప్పటికే ఒక కాలు పడవలో పెట్టారు. దింపేశాం. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. చిన్నవాళ్ళు ఏడ్చారు. అయినా సరే.

అక్కడక్కడ ఉండే జాకెట్లు పెద్దవాళ్ళ కొలతవి. పిల్లకు తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే నీళ్ళలో పిల్ల అందులోంచి జారిపోతుంది. అందుకే మేం చిన్నవాళ్ళ కొలతకు సొంతంగా మూడు కొన్నాం. ప్రయాణానికి పెట్టిన ఖర్చుల్లో నాకు ఎప్పుడూ బరువనిపించనిది అదే.

సముద్రంలో మోకాలు దాటనివ్వం. దిగే ముందు వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళను, "బాబాయ్, ఇక్కడ లోతెలా ఉంటుందండీ?" అని అడుగుతాం. గుంట ఎక్కడుందో, లోపలికి లాగే చోటు ఎక్కడో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈత వచ్చిన పెద్దపిల్లలకు ఒక్క మాట కంఠతా పట్టించాం: అల లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదొద్దు, ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది, లాగడం తగ్గాక బయటికి రావాలి. గోదావరిలో వేసవి మోసం వేరు. మోకాలి లోతు నీళ్ళలా కనిపిస్తుంది, ఇసుక తవ్విన చోట ఒక్కసారిగా నిలువు లోతు ఉంటుంది. తెలియని చోట నదిలో స్నానాలు పూర్తిగా మానేశాం.

బట్టల రంగు చూసుకోండి. నీలం, తెలుపు, ఆకుపచ్చ నీళ్ళలో కనిపించవు. నారింజ, గులాబీ, నిమ్మపండు రంగు దూరం నుంచి తెలుస్తాయి. అందరికీ ఒకే రకం చొక్కాలు వేయమని చాలామంది చెప్పారు. మేం వేయం. పిల్లల హోమ్‌లో పెరిగిన పిల్లలు దాతలిచ్చిన ఒకే రకం బట్టల్లో వరుసగా నిలబడి ఫొటోలు దిగినవాళ్ళు. ఎవరి చొక్కా వాళ్ళు ఎంచుకుంటారు, రంగు మాత్రం మెరిసేదై ఉండాలి.

చెవి మిషన్ ఉన్న పిల్లతో నీళ్ళ దగ్గరికి వెళ్తే, మిషన్ తీసి గాలి చొరని చిన్న డబ్బాలో పెట్టండి. తీసే ముందే సైగలు ఖాయం చేసుకోండి. మావి నాలుగే: రా, ఆగు, నా వైపు చూడు, బాగున్నావా. ఇంట్లో అందరికీ వచ్చు. అల హోరులో మిగతావాళ్ళకూ అవే పనికొస్తాయి.

4. లెక్కపెట్టకండి, జతలు కట్టండి

ఏడుగురుంటే గంటకోసారి లెక్కపెట్టాలనిపిస్తుంది. మొదట్లో నేనూ వరుసలో నిలబెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. ముగ్గురిలో పెద్దమ్మాయి ఒకరోజు మెల్లగా, "అమ్మా, అక్కడ కూడా ఇలాగే నిలబెట్టేవాళ్ళు" అంది. అంతే, మానేశాను.

ఇప్పుడు జతలు. పెద్దవాళ్ళకు ఒక్కో చిన్నవాణ్ణి అప్పజెబుతాం. "జతలు!" అని నేను కేకేస్తే ప్రతివాళ్ళూ తన జత పేరు అరవాలి. తన పేరు కాదు, జత పేరు. చిన్నవాళ్ళకూ పెద్దవాళ్ళను చూసుకునే బాధ్యత ఉన్నట్టే. ఏడుగురిలో ఒకరు మిగులుతారు, వాళ్ళు నాకు జత. ఎవరు మిగలాలన్న దాని మీద పోటీ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ మారుస్తాం. తోబుట్టువులు ముగ్గుర్నీ ఎప్పుడూ ఒకరికొకరు జతగా పెట్టొద్దు. పెద్దపిల్ల అప్పటికే చాలా ఏళ్ళు తమ్ముడికి, చెల్లికి తల్లిగా ఉండి అలసిపోయింది. షికారులోనైనా ఆ బరువు దించాలి.

5. తిండి అందుబాటులో ఉండాలి

ఆకలి తెలిసిన పిల్లలు తిండి దాచుకుంటారు. మా అమ్మాయి ఒకామె మొదటి ఏడాది ఉడకబెట్టిన గుడ్లు గౌను జేబులో పెట్టుకునేది. రోజు చివర అవి నలిగిపోయి కనిపించేవి. కోప్పడితే ఇంకా లోపలికి దాచింది. మార్గం ఏమిటంటే, ప్రతి పిల్లకూ మూతున్న ఒక డబ్బా వాళ్ళదంటూ ఇవ్వండి. అందులో ఏముందో వాళ్ళకు తెలియాలి, ఎప్పుడు తినాలన్నది వాళ్ళ ఇష్టం కావాలి. మా డబ్బాల్లో జంతికలు, వేరుశనగ ఉండలు, రెండు అరటిపళ్ళు ఉంటాయి. పొద్దున ఎనిమిదికే ఖాళీ చేసినా ఏమీ అనం. ఆ అమ్మాయి ఇప్పుడు తన డబ్బా సగం మిగిల్చి తమ్ముళ్ళకు పంచుతుంది. ఇది రాయొచ్చా అని అడిగితే, "గుడ్ల సంగతి కూడా రాయమ్మా" అని తనే అంది.

అందరికీ కలిపి వండేవాటిలో చింతపండు పులిహోరకు సాటి లేదు. పొద్దున కలిపితే సాయంత్రం దాకా ఉంటుంది. పెరుగన్నం పన్నెండు దాటితే పులుస్తుంది, ముందే తినేయండి. ఉడికించిన గుడ్లు పెంకుతోనే తీసుకెళ్ళండి. దారిలో దొరికేవాటికి చోటు ఉంచండి: కొబ్బరి బొండాలు ఎక్కడైనా దొరుకుతాయి, సంక్రాంతి రోజుల్లో తేగలు, ఎండాకాలం ముంజెలు. కోనసీమలోకి వెళ్తే అంబాజీపేట పొట్టిక్కలు, పనస ఆకు బుట్టల్లో వేడివేడిగా. ఆత్రేయపురం పూతరేకులు కొంటే ఇంటికి తెచ్చుకుని తినండి, వ్యానులో చిన్నవాళ్ళ చేతికిస్తే పొడే మిగులుతుంది. తలకు రెండు లీటర్ల నీళ్ళు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. మన ఉక్కపోతలో పిల్లలు చెమటతోనే నీరసపడతారు.

6. కాగితాలు, జనం ప్రశ్నలు

మా మామ్మగారి కాలంలో ఒక క్రైస్తవ జంట పిల్లను పెంచుకుంటే చట్టం దృష్టిలో వాళ్ళు సంరక్షకులే, తల్లిదండ్రులు కారు. 1890 నాటి గార్డియన్స్ చట్టం కిందే అన్నీ జరిగేవి. 2000 సంవత్సరపు బాల న్యాయ చట్టం, దానికి 2006లో చేసిన సవరణ వచ్చాక మతంతో సంబంధం లేకుండా పూర్తి దత్తతకు దారి ఏర్పడింది. ఇప్పుడు జిల్లా కలెక్టరే దత్తత ఉత్తర్వు ఇస్తారు. ప్రయాణంలో ఆ ఉత్తర్వు ఫొటో ఫోన్లో, అందరి ఆధార్ నకళ్ళు సంచిలో పెట్టుకోండి. పోలికలు కలవని పిల్లలతో రైల్వే స్టేషన్లో కనిపిస్తే పోలీసులు అడగొచ్చు. అడగడం మంచిదే, పిల్లల రవాణా జరగకూడదనే అడుగుతారు. ప్రశాంతంగా చూపించండి. పిల్లలకు 1098 (పిల్లల సహాయం కోసం ఉన్న ఫోన్) నంబరు, మీ ఫోన్ నంబరు కంఠస్థం చేయించండి. ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం వచ్చాక అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, గుర్తింపు కార్డు చూపాలి. దగ్గరి ఊళ్ళకు మేం బస్సులోనే వెళ్తాం. దూరమైతే తెలిసిన డ్రైవరు వ్యాను మాట్లాడుకుంటాం.

దత్తత ఉత్తర్వు ఇంకా రాని పిల్ల మీతో ఉంటే ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. బంధువులకూ గట్టిగా చెప్పండి. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టమూ ఒప్పుకోదు.

ఇక జనం. రేవులో, బస్సులో, చర్చి పిక్నిక్‌లో అడుగుతూనే ఉంటారు. "ఇంతమందీ మీ పిల్లలేనాండీ?" దీనికి జవాబు: "అవునండీ, ఏడుగురూ." అక్కడితో ఆపండి. "ఈ పిల్లకు మీ పోలికే లేదే", "వీళ్ళ సొంత అమ్మానాన్నలేమయ్యారండీ?" లాంటివి పిల్లల ముందే వస్తాయి. వాళ్ళ మునుపటి కథ వాళ్ళది, చెప్పాలో వద్దో వాళ్ళే పెద్దయ్యాక నిర్ణయించుకుంటారు. నేను, "అది పిల్లల సొంత సంగతండీ" అంటాను, మర్యాదగానే, పిల్ల భుజం మీద చెయ్యి వేసి. సంఘంలో మంచి మనసుతోనే, "ఎంత పుణ్యకార్యం చేశారమ్మా, దేవుడు మిమ్మల్ని దీవించాలి" అనేవాళ్ళు ఉంటారు. ఆ మాట పిల్ల చెవిన పడితే తను ఒక దానధర్మం అనుకుంటుంది. "దీవెన మాకొచ్చిందండీ, వీళ్ళ వల్ల" అని పిల్లలు వినేలా అనండి. మనసులో ఉన్నమాటే కాబట్టి సులువుగా వస్తుంది.

7. అంతర్వేది రోజు, మొదటి నుంచి చివరి దాకా

స్తంభం పట్టుకున్న ఆ రోజు తర్వాత ఏడాదిన్నరకు మళ్ళీ ప్రయత్నించాం. అంతకు ముందు మూడు శనివారాలు ఊరికే రేవుకు వెళ్ళి, పంటు రావడం, పోవడం చూసి ఇంటికొచ్చేశాం. నాలుగో వారం, పంటెక్కి అటు ఒడ్డు తాకి, దిగకుండా అదే పంటులో తిరిగొచ్చేశాం. అదే పంటు వెనక్కి వస్తుందని వాడు కళ్ళతో చూశాడు. ఇలా ముక్కలు చేయడం సమయం వృథా అనిపించొచ్చు. కాదు, పిల్ల భయం ఎంత ఉందో మెట్లు అన్ని ఉండాలి.

ఐదో వారం, జనవరి చివర. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో కల్యాణోత్సవం, లక్షల జనం వస్తారు. ఆ రోజులు తప్పించుకుని వెళ్ళాం. ఆరింటికి లేచి పప్పు నానబెట్టాం. ఏడింటికి కీర్తన, ఎనిమిదింపావుకు రేవు. పంటు మీద జతలు పట్టుకుని మధ్యలో నిలబడ్డాం, అంచున కాదు. సఖినేటిపల్లిలో ఒక పెద్ద ఆటో మాట్లాడుకుని, తిరుగు ప్రయాణానికీ అదే ఆటోను ఉండమన్నాం. పిల్లలందరి ముందూ డ్రైవరు, "మూడింటికల్లా మిమ్మల్ని రేవులో దింపేత్తానండీ, ఆయ్" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఆయన్ను అందరి ముందూ అడిగాను.

బీచ్‌లో పదకొండు దాకా ఆడారు. ఎండ ముదరగానే సరుగుడు చెట్ల కిందికి చేరి భోజనాలు, ఒక కునుకు. తర్వాత సాగర సంగమం వైపు నడిచాం. వశిష్ఠ నీళ్ళు ఒక రంగులో, సముద్రం ఇంకో రంగులో, రెండూ కలిసే చోట గీత గీసినట్టు తెలుస్తుంది. దాన్ని అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారని మావారు చెప్పారు. ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మనలాగే" అంది చిన్నది. నేను ఇంకేమీ కలపలేదు. కొన్నిచోట్ల పెద్దవాళ్ళు నోరు మూసుకోవాలి.

రెండున్నరకు ఆటో దగ్గరికి బయల్దేరాం. ఇంకో అరగంట ఉందామని నా కడుపున పుట్టిన ఇద్దరూ గొడవ చేశారు. మూడంటే మూడు. చెప్పిన వేళ దాటిస్తే ఆ రోజు కట్టినదంతా కూలిపోతుంది. నావాళ్ళకు ఆ సంగతి రాత్రి విడిగా చెప్పాను, అర్థం చేసుకున్నారు. ఇంట్లో పుట్టిన పిల్లలు ఇలాంటివి చాలా వదులుకుంటారు, దాన్ని గమనించి వాళ్ళతో మాత్రమే ఒక షికారు నెలకోసారైనా పెట్టుకోండి.

8. పండగ రోజుల ప్రయాణాలు

డిసెంబరులో మా ఊళ్ళో క్రిస్మస్ కేరల్స్. రాత్రి తొమ్మిదింటికి ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి, నక్షత్రం కట్టి, ఇంటింటికీ పాడుకుంటూ వెళ్తాం. చీకట్లో, గట్టి డప్పు చప్పుడులో కొత్త పిల్లలు బెదురుతారు. మొదటి ఏడాది ట్రాక్టరు ఎక్కించకండి. మన ఇంటి ముందు నిలబడి, వచ్చేవాళ్ళకు టీ, కేకు ఇచ్చే పని ఇవ్వండి. రెండో ఏడాది వాళ్ళే ఎక్కుతామంటారు. స్వెట్టర్, చెవుల టోపీ, ట్రక్కు తలుపు గొళ్ళెం చూసుకోండి.

కష్టమైనది ఈస్టరు వేకువ. సమాధుల దగ్గరికి పూలు, కొవ్వొత్తులు తీసుకుని వెళ్తాం. మా అత్తమామల సమాధుల దగ్గర నిలబడ్డప్పుడు, ముగ్గురిలో పెద్దమ్మాయి, "మా అమ్మది ఎక్కడుంది?" అని అడిగింది. మాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "ఇక్కడే ఎక్కడో" అని ఓదార్పు అబద్ధం చెప్పకండి, ఆ అబద్ధం ఒకరోజు తేలుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి, మందార చెట్టు కింద తనే ఒక కొవ్వొత్తి వెలిగించింది. ఆ తల్లి తనను కన్నందుకు దేవునికి కృతజ్ఞత చెప్పాం. ఇప్పుడు ప్రతి ఈస్టరుకూ సమాధుల నుంచి తిరిగొచ్చాక మందార చెట్టు దగ్గర ఆగుతాం. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే, పండగకు వారం ముందే ఆ చోటు ఏదో వాళ్ళతో కలిసి ఎంచుకోండి. ఆ వేకువన హఠాత్తుగా ఎదురైతే పిల్ల తట్టుకోలేదు.

9. ఇంటికి చేరాక

రోజు ఇంకా అయిపోలేదు. వ్యాను దిగగానే పిల్లలు చిరాకు పడతారు, కొట్టుకుంటారు, ఒకడు మాట్లాడ్డం మానేస్తాడు. రోజంతా బిగబట్టుకున్నది ఇంట్లో వదులుతారు. ఆ సాయంత్రం బుద్ధులు చెప్పకండి, లెక్కలు తేల్చకండి. బావి దగ్గర కాళ్ళు కడిగి, ఇసుక దులిపి, చెవి మిషన్ తుడిచి పెట్టి, నానిన పప్పు రుబ్బండి. దిబ్బరొట్టె మూకుడులో కాలుతున్న వాసనకు సగం కోపాలు చల్లారతాయి. బెల్లం పానకంతో పెట్టండి. ఫ్రిజ్ మీది కాగితంలో చివరి బొమ్మ మీద ఎవరైనా ఒక పిల్లతో టిక్కు పెట్టించండి.

మర్నాడు ఏ పనీ పెట్టుకోకండి. ఆరాధనకు వెళ్ళొచ్చి పడుకోవడమే.

అంతర్వేది నుంచి వచ్చిన సాయంత్రం, చీకటి పడుతుండగా మా వాకిట్లో దిగాం. అందరి చేతుల్లో గవ్వలు, తడి బట్టలు. నడిపివాడు అందరికన్నా ముందు మెట్లెక్కి, చొక్కాలోంచి ఎర్ర తాడు బయటికి తీసి, రెండు చేతులతో తాళం తిప్పాడు. తలుపు తెరిచి లైటు వేశాడు. అప్పటి నుంచి తాళంచెవి గోడ మేకుకు తగిలించే పని కూడా వాడిదే.